చిన్నబాపు నేర్పిన ఐదు గుంపులు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, నిజామాబాద్‌లోని మా ఇంటి వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చున్నానో లేదో, మూడో తరగతి చదివే మనవరాలు పెద్ద చార్టు, కత్తెర, గమ్ సీసా తెచ్చి నా ముందు పరిచింది. చార్టు మీద ఐదు డబ్బాలు గీసి ఉన్నాయి: చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు. బొమ్మలు కత్తిరించి, ఏ జంతువును దాని డబ్బాలో అంటించాలట. ఈ కాలంలో హోంవర్కు పిల్లలకిస్తారు, చేసేది ఇంట్లో పెద్దవాళ్ళు. కప్పను, కాకిని, ఆవును అంటించాం. తర్వాత అది ఇంకో బొమ్మ ఎత్తి, "అవ్వా, గిది మొసలి పిల్లనా?" అంది. కాదు, అది ఉడుము. "పొలుసులున్నయ్ సూడు, సరీసృపాల డబ్బాల పెట్టు" అన్నానే గానీ, ఆ బొమ్మకు గమ్ రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నాకు కోపం తొందరగా రాదు. వస్తే మాత్రం పోదు. ఈ కోపం నా పెళ్ళి కంటే పాతది.

నాకు ఈ ఐదు గుంపులూ నేర్పింది మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు. మాది బోధన్ దగ్గర చిన్న పల్లె. అప్పట్లో ఇంటి గడప దాటితే చెరుకే. చిన్నబాపు ఇంటర్ దాకా చదివి, ఏ పనీ దొరక్క, ఇస్త్రీ చొక్కా నలగకుండా ఊళ్ళో తిరిగేవాడు. సాయంత్రం మాత్రం మా చర్చి పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి చదువు చెప్పేవాడు. పుస్తకం తీసేవాడు కాదు. సుద్దముక్కతో అరుగు మీద ఐదు గుండ్రాలు గీసి, మమ్మల్ని ఊరి మీదికి తోలేవాడు. మేం కోడి ఈక, చేప పొలుసు, పాము కుబుసం, మేక వెంట్రుకలు, ఒకసారి సీసాలో బతికున్న కప్పను కూడా తెచ్చి, ఎవరిది ఏ గుండ్రంలోకి పోతుందో వాదించుకునేవాళ్ళం. మొదట వెన్నెముక ఉందా లేదా అని అడగాలి. లేకపోతే మిడతలాగా, వానపాములాగా అరుగు కిందికి దిగిపోవాలి. ఉంటే ఈకలా, పొలుసులా, వెంట్రుకలా, గుడ్డు పెడుతుందా, పాలిస్తుందా అని ఒక్కొక్కటే అడగాలి. "పేరుదేముంది, మనం పెట్టిందే. ఒంటి మీద ఏమున్నదో గది సూడుండ్రి" అనేవాడు. ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, చుట్టాలింటికి పోయినా వాళ్ళ కుక్క పళ్ళు లెక్కపెట్టబోయి తిట్లు తిన్నాను.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, మాత్రం ఈ చదువు గిట్టేది కాదు. నేను గబ్బిలాన్ని పక్షుల గుండ్రంలో పెడితే, చిన్నబాపు తీసి మేక పక్కన పెట్టాడు. దానికి వెంట్రుకలుంటాయి, పిల్లకు పాలిస్తుంది, కాబట్టి క్షీరదం అన్నాడు. గుమ్మంలో కూర్చుని వడ్లు చెరుగుతున్న అవ్వ చాట ఆపింది. "నా మేకనూ ఆ గబ్బిలాన్నీ ఒక్క ఇంట్ల కూసోవెడ్తవారా?" అంది. "మేకనే కాదే అవ్వా, నువ్వు గూడ గా ఇంట్లనే" అన్నాడు చిన్నబాపు. అవ్వ చాటలోని ఊకంతా అతని ఇస్త్రీ చొక్కా మీద దులిపింది. మేం నవ్వీ నవ్వీ అరుగు మీద దొర్లాం. నాకు ఆ రోజుల్లో లోకంలో చిన్నబాపును మించిన మనిషి లేడు. బాపు కంటే కూడా ఎక్కువే, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఆ ఏడు చెరుకు కోతలకు మరాఠీ వాళ్ళు దిగిన రోజుల్లోనే నాకు ఉడుము కనబడింది. మా చేను పక్క కాలువ గట్టులో దాని బొరియ. పొద్దున ఎండ పడగానే బయటికొచ్చి, ముందుకాళ్ళ మీద ఒళ్ళు లేపి, మెడ ఎత్తి కూర్చునేది. నాలుక చీలి ఉండేది. పొట్ట కింద తోలు మీద జొన్నగింజలు వరుసగా పేర్చినట్టు సన్నటి పొలుసులు. రోజూ చాటుగా కూర్చుని చూసి చూసి ఆ వరుసలు నాకు కంఠతా వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. మా దిక్కున ఉడుము కనబడితే వదిలేవాళ్ళు కాదు. కూర ఒకరికి, కొవ్వు ఒకరికి, తోలు ఒకరికి. ఇప్పుడైతే పట్టుకుంటే కేసు పెడతారు గానీ, అప్పుడు అడిగే నాథుడు లేడు.

ఒక సాయంత్రం చిన్నబాపు, "గోడ మీది బల్లి కన్న పెద్ద పొలుసుల జంతువును ఎవరన్న సూసిండ్రా?" అని అడిగాడు. అందరూ పాము పాము అని అరిచారు. నేను పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. పిల్లలు పోయాక మెల్లగా అతని దగ్గరికి పోయి, ఎవరికీ చెప్పనంటే చూపిస్తానన్నాను. చర్చికి పోయే మా ఇళ్ళలో ఒట్లు పెట్టుకోరు. ఒట్టు వేసే మనిషి మాట మీద నమ్మకం లేనట్టని పెద్దలంటారు. అందుకే చిన్నబాపు నా తల మీద చెయ్యి పెట్టి, "మాటంటే మాటే బిడ్డా. సూసుడే, ముట్టుడు లేదు" అన్నాడు. మర్నాడు ఇద్దరం గట్టు చాటున కూర్చుని చూశాం. పొలుసులు, చల్లటి నెత్తురు, గుడ్డు పెట్టడం, అన్నీ నా చేతనే చెప్పించి, "సరీసృపం" అని భుజం తట్టాడు. అంత సంతోషం మళ్ళీ నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

క్రిస్మస్ ముందర మా ఇంటికి ఒక సేటు భోజనానికొచ్చాడు. చెరుకు మోసే లారీలు అతనివి. అతని దగ్గర లెక్కలు రాసే మున్షీ పని ఖాళీగా ఉందని, చిన్నబాపును పెట్టుకోవచ్చని ఇంట్లో అనుకుంటున్నారు. కూర మసాలా వాసన వాకిలి దాకా వచ్చింది. నన్ను కూడా బంతిలో కూర్చోబెట్టి, చిన్నబాపే స్వయంగా ముక్కలు వేశాడు. ముక్క కొంచెం గట్టిగా ఉంటే, "ఇదేం కూర చిన్నబాపూ?" అన్నాను. "కోడి బిడ్డా, నాటుకోడి. తిను" అన్నాడు. రెండోసారి కూడా అడిగి వేయించుకున్నాను. సేటు వేళ్ళు నాకుతూ చిన్నబాపును చూసి నవ్వాడు. కోతలు మొదలయ్యాక ఇంత మంచి కూర తినలేదన్నాడు.

పొద్దున పెరడు ఊడవడం నా పని. కోడి కోసిన మర్నాడు చీపురుకు ఈకలు చుట్టుకొని ప్రాణం తీస్తాయి. ఆ రోజు ఒక్క ఈక లేదు. అప్పటికీ నాకేమీ తట్టలేదు. ఎవరో ముందే ఊడ్చారనుకున్నాను. గట్టు మీదికి పోతే బొరియ ముందు మట్టి తవ్వి ఉంది. పరుగున వచ్చి చిన్నబాపును అడిగాను. అతను అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. "అవి ఒక్క దగ్గర ఉంటయా? యాడికో పోయింటది తియ్" అన్నాడు. నేను నమ్మాను. నిజంగా నమ్మాను. కందకుర్తి దిక్కు నదికి పోయి ఉంటుందిలే అని నన్ను నేనే సముదాయించుకున్నాను.

క్రిస్మస్ పొద్దున చర్చిలో చిన్నబాపు, ఒక్క చేత్తో పట్టి వాయించే చిన్న తోలు వాద్యం, కొత్త ఖంజిర పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డాడు. అది మోగుతుంటే పెద్దవాళ్ళు కూడా ఊగిపోయి పాడారు. నేను పిల్లలతో కలిసి కింద కూర్చున్నాను. అతను ఖంజిర పైకెత్తినప్పుడల్లా కిటికీ వెలుతురు దాని తోలు మీద పడింది. జొన్నగింజలు వరుసగా పేర్చినట్టు సన్నటి పొలుసులు. ఆ పొద్దున పెరట్లో ఒక్క ఈక కూడా ఎందుకు లేదో నాకు అప్పుడు తట్టింది.

ప్రార్థన అయ్యాక, కేకు ముక్క చేతిలో పట్టుకుని అతని దగ్గరికి పోయాను. చుట్టూ పండుగకు పిలిస్తే వచ్చిన సేటు, మా బాపు, ఇంకెవరెవరో ఉన్నారు. "చిన్నబాపూ, గీ తోలు ఏ గుంపుది?" అన్నాను. అతను నన్ను చూశాడు. నాకు తెలిసిపోయిందని అతనికీ తెలిసింది. ఆ క్షణంలో తప్పయిందని ఒక్క మాట అని ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. అతను ఖంజిరను చంక కిందికి జరుపుకొని, నవ్వుతూ, "మేకతోలు బిడ్డా" అన్నాడు. సేటు కూడా నవ్వాడు.

నేను చూపించిన ఉడుమును పళ్ళెంలో పక్షిని చేశాడు, చర్చిలో క్షీరదాన్ని చేశాడు. చంపడం కంటే నాకు ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంకెవరైనా అంటే తెలియక అన్నారనుకుందును. ఐదు గుంపులూ వేరు చేయడం నేర్పిన మనిషి, నా మొహం చూస్తూ, నాకు తెలుసని తెలిసీ అన్నాడు. తర్వాత అతనికి మున్షీ పని వచ్చింది. తీరిక దొరికినప్పుడు అరుగు మీద మళ్ళీ గుండ్రాలు గీశాడు గానీ నేను కూర్చోలేదు. బిడ్డకు చదువు మీద మనసు పోయిందని ఇంట్లో బాధపడ్డారు. ఎందుకో అతనికొక్కడికే తెలుసు.

పదో తరగతిలో సైన్సులో నాకు మంచి మార్కులు వస్తే, చిన్నబాపు వాడంతా మిఠాయి పంచి, "నా దగ్గర నేర్సుకున్న పోరి" అని చెప్పుకున్నాడు. అది అబద్ధమైతే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో కాలం నాకు ఎందరినో ఏ గుంపువాళ్ళో వేరు చేసి చూపించింది గానీ, నా తల మీద పెట్టిన ఆ చేతిని, నా పళ్ళెంలో ముక్కలు వేసిన చేతిని మాత్రం ఇప్పటికీ రెండుగా విడదీసి ఇవ్వలేదు.