బంద్ రోజున చూసిన పగడపు వెలుగు

మొన్న కంటి డాక్టరు నా కంట్లో పసుపుపచ్చ మందు చుక్క వేసి నీలం దీపం దగ్గరకు తెచ్చాడు. పక్కనున్న తెరమీద నా కన్నే పచ్చగా వెలుగుతూ కనిపించేసరికి ఒళ్లు జలదరించింది. నొప్పిగా ఉందా అని అడిగాడు. నొప్పి కాదు బాబూ, పాత పాపం అనుకున్నాను.

కలకత్తాలో ఎర్రజెండాల ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో నాకు ఒక పరిశోధనశాలలో సహాయకుడి పని దొరికింది, అదీ తాత్కాలికంగా. శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో మూటలు మోసిన మా నాన్నకు నా పనేమిటో ఎంత చెప్పినా ఎక్కేది కాదు. మావాడు సీసాలు కడుగుతాడని చుట్టాలతో అంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

అక్కడ పరిశోధన చేసే బెంగాలీ అమ్మాయిని, నాకన్నా చిన్నదైనా, అక్కా అన్నట్టు దిదీ అనేవాణ్ణి. తను నన్ను అన్నా అన్నట్టు దాదా అనేది. పగడం చెట్టుకొమ్మలా కనిపించినా జంతువే కదా, అండమాన్ పగడం ఒకదానిలో ఎర్రగా మెరిసే ప్రోటీను లోపల ఎలా అల్లుకుని ఉందో కనిపెట్టాలని నాలుగేళ్లుగా పట్టుబట్టింది. ఆ జాతి ప్రోటీన్లు చిన్న పీపాల్లా ఉంటాయనీ, నడుమనున్న వెలుగు ముక్కను చుట్టూ గోడ కాపాడుతుందనీ, గోడ చెదిరితే వెలుగు పోతుందనీ కాగితం చుట్టి మరీ నాకు చూపించింది. తన ప్రోటీను సంగతి తేలాలంటే దాన్ని ద్రావణపు చుక్కలో స్ఫటికంగా పెంచి ఎక్స్‌రే కింద పెట్టాలి. వందల చుక్కలు పాడయ్యాక కరెంటుతో నడిచే చల్లని పెట్టెలో ఒకే ఒక్కటి నిలిచింది, ఆవగింజలో సగం లేదు. మర్నాడు ఎక్స్‌రే అనగా బంద్ వచ్చిపడింది.

రేవూ మూతే కనుక, ఆ ఉదయం మేముండే మెటియాబ్రుజ్ నుంచి నాన్నను పరిశోధనశాలకు నడిపించుకుంటూ తీసుకెళ్లాను. తాళం నా దగ్గరే ఉంది. చీకటిగదిలో స్ఫటికం ఉన్న గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి దీపం వేస్తే స్ఫటికం నిప్పుకణికలా ఎర్రబడింది. నాన్న కన్ను తీయలేదు.

“ఏటిరా ఇది, నిప్పు నేకుండానే ఎలుగుతంది! ఇన్నాళ్లూ సీసాలు కడుగుతున్నావనుకున్నాన్రా. ఇంకోపాలి సూపించు.”

ఆ మాట కోసం నేనెన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. దీపం కింద ఎక్కువసేపు ఉంచితే రంగు వెలిసిపోతుందనీ, వెచ్చదనానికి స్ఫటికం పగులుతుందనీ కూడా తెలుసు. తెలిసే మళ్లీ మళ్లీ వెలిగించాను. తిరిగి పెట్టెలో పెట్టేసరికి అది పాలిపోయింది, మధ్యలో సన్నని బీట కనిపించింది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మర్నాడు పెట్టె తెరిచిన దిదీ, వేడికే పగిలిందనుకుని అక్కడే కూలబడింది. తప్పు తనదేనంది, బంద్‌కి జడవకుండా నడిచొచ్చి జనరేటరు వేయించి ఉంటే దక్కేదని ఏడ్చింది. నిజం చెబితే ఉద్యోగం పోతుందని తల వంచుకున్నాను. అలాంటి స్ఫటికం మళ్లీ పెరగలేదు. ఏడాది తిరగకుండా ఆమె పరిశోధన మానేసింది.

మావాడు నీళ్లలో నిప్పు పెంచుతాడని రేవంతా చెప్పుకుని నాన్న సంతోషంగా కన్నుమూశాడు. దిదీ పరామర్శకు రజనీగంధ పూలదండ పట్టుకుని వచ్చి, తన స్ఫటికాన్ని తనకన్నా నేనే జాగ్రత్తగా చూసుకున్నానంది. అప్పుడూ నిజం దాచి, దండ అందుకుని నాన్న ఫొటోకి వేశాను.

ఇప్పుడు కలకత్తాలో బంద్‌లు తగ్గాయి. ప్రోటీను రూపాన్ని కంప్యూటరే ఊహించి గీసిస్తోందట. ఒక్క స్ఫటికం పగిలితే ఒక మనిషి నాలుగేళ్లు ఎలా పోతాయో చెప్పినా ఈ కాలంవాళ్లకు అర్థం కాదు. అర్థమయ్యే ఒక్క మనిషీ ఎక్కడుందో నాకు తెలియదు. ఎక్కడున్నా, ఆ రోజు నడిచి రాలేదే అని ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటూ ఉంటుంది.