మా పెద్దమ్మాయి అల్వాల్‌లో నేర్చుకున్న మాట

మా పెద్దమ్మాయి పోయింది. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సమాధుల తోటకు ఎవరెవరు వచ్చారో ఆ రోజు నా కంటికి ఆనలేదు. విషజ్వరం తగిలి, తను పనిచేసే ఆసుపత్రిలోనే మంచం పట్టింది. రాత్రంతా దాని దగ్గర కూర్చుని, తెల్లవారాక జావ కాచి తీసుకెళ్దామని బన్సీలాల్‌పేటలో మా ఇంటికి వచ్చాను. జావ ఇంకా పొయ్యి మీదే ఉంది. మా అమ్మాయి చేతి కింద నర్సు పని నేర్చుకునే పిల్లలు ఇద్దరు గుమ్మం ముందు నిలబడ్డారు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. "లోపలికి రండమ్మా" అన్నాను. రాలేదు. అప్పుడర్థమైంది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్ళు చల్లి, వాళ్ళ వెంట నడిచాను.

సంఘం పత్రికలో దాన్ని గురించి రాయమని పాస్టరుగారు అడిగారు. నా చదువు మా గుంటూరు పక్క మిషను బడిలో, బైబిలు కూడబలుక్కుని చదివేంతవరకే. మా అన్నయ్యకు కార్డు ముక్క తప్ప ఇంకేం రాయలేదు. తప్పులుంటే దిద్దుతానన్నారు. "దిద్దండి బాబూ, కాని నా పిల్ల గెలిచిందని ఎక్కడెక్కడ రాస్తానో అక్కడ మాత్రం కొట్టేయకండి" అని చెప్పాను. ఏడుస్తూనే రాస్తున్నాను. అయినా దాని బతుకు ఏడ్చే బతుకు కాదు.

చిన్నప్పటినుంచీ అది ఒకరు చెబితే నమ్మే రకం కాదు. "గిన్నె కాలుతోందే, ముట్టుకోకు" అంటే ముట్టుకునేది. ఏడ్చేది కాదు. వేలు నోట్లో పెట్టుకుని, "అవునమ్మా, కాలుతోంది" అనేది, నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు. ఇలాంటి పిల్ల ఎలా బాగుపడుతుందని వాళ్ళ నాన్నగారు తల పట్టుకునేవారు.

ఆయనకు రైల్వేలో పని దొరికి సికింద్రాబాదు వచ్చాం. అప్పటికింకా నిజాం ప్రభుత్వమే. ఇక్కడివాళ్ళదీ తెలుగే అన్నారు గాని, మొదట్లో కూరలమ్మేవాళ్ళతో బేరమాడాలన్నా నాకు సగం చేతులతోనే మాట్లాడాల్సి వచ్చేది. పెద్దది నర్సు పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. చేర్పించాం. చేరిన కొత్తలోనే దాని చేతిమీదుగా ఆ పొరపాటు జరిగింది. మా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ అలాంటి పొరపాటు చేయలేరు.

ఆ రోజు దాన్ని ఆసుపత్రి వాకిట్లో నిలబెట్టారు. వచ్చినవాళ్ళను ఏం బాధో అడిగి ఏ గదికి వెళ్ళాలో చెప్పాలి. ఒక ముసలామె వచ్చింది. అల్వాల్ నుంచి రెజిమెంటల్ బజారుకు ఆకుకూరలు తెచ్చి అమ్ముకునే మనిషి. గోడ పట్టుకుని నిలబడి, "పెయ్యంత కాల్తున్నది బిడ్డా, జెర సూడరాదు" అంది.

మా వైపు పెయ్య అంటే ఆవుకు పుట్టిన ఆడదూడ. ఇక్కడ పెయ్యి అంటే ఒళ్ళు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. పైగా అవి పోలీసు యాక్షన్‌కు ముందు రోజులు. ఫలానా పల్లెలో ఇళ్ళు తగలబెట్టారు, ఫలానా చోట గడ్డివాములు కాల్చారు అని రోజూ కబుర్లు వినేవాళ్ళం. ఈవిడ దూడ కూడా అలాగే మంటల్లో చిక్కుకుందేమోనని నా కూతురు అనుకుంది. "అయ్యో, ఇక్కడ కాదు అవ్వా. పశువుల ఆసుపత్రికి వెళ్ళు. బజారు దాటితే కనిపిస్తుంది" అని దారి కూడా చూపించింది. ముసలామె గోడ పట్టుకుంటూ అటే వెళ్ళింది.

వెనక నిలబడ్డ ఆవిడతో మా అమ్మాయి, "పాపం, ఆవిడ దూడ ఒళ్ళంతా కాలిపోయిందట" అంది.

"దూడనా? ఏం దూడ?" అందావిడ. సంగతి తెలిసి పకపకా నవ్వింది. "ఓ నర్సమ్మా, పెయ్యంటే మన ఒళ్ళు! గామెకు జరమొస్తే పసుల దవాఖానకు తోల్తివా?" వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఉన్నట్టుండి ఆవిడే నవ్వు ఆపేసి, "గామె నిలవడనీకె సుత శాతగాకుండె కదనే" అంది, ఆమెకు నిలబడే ఓపిక కూడా లేదు కదా అని.

మా పెద్దది ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ పంపలేదు. వాకిలి వదిలేసి రోడ్డున పడి పరుగెత్తింది.

పశువుల ఆసుపత్రిలో ఒక గేదె పక్కన నీడలో ముసలామె పడుకుని ఉంది. అక్కడి కాంపౌండరు, "ఏందవ్వా, నీ గొడ్డేది?" అని అడుగుతున్నాడు. "నేనే బిడ్డా" అంటోందామె. అంత జ్వరంలోనూ నా కూతుర్ని చూసి, "ఈడ మనుసులకు సుత సూస్తరనుకున్న. నువ్వే జెప్తివి గద" అందట. ఈ ముక్క చెప్పేటప్పుడు మా పెద్దది ఎప్పుడూ నవ్వేది.

భుజం మీద చెయ్యి వేయించుకుని, సగం నడిపించి సగం మోసి వెనక్కి తెచ్చింది. అప్పటికి ముసలామెకు స్పృహ లేదు.

మర్నాడు మేట్రన్‌గారు నన్ను పిలిపించారు. "మీ అమ్మాయి కష్టపడే పిల్లే. కాని వాకిట్లోకి వచ్చిన మనిషి ఏమంటోందో తెలియకపోతే నర్సు ఎలా అవుతుందమ్మా? ముసలామె తేరుకునేదాకా ఇదే చూసుకుంటుంది. ఆ తరవాత మీ ఊరికి తీసుకెళ్ళి, అక్కడెక్కడైనా చేర్పించండి" అన్నారు. ఆవిడ మాటలో తప్పు నాకేం కనపడలేదు. నిజం చెప్పాలంటే, పిల్ల ఇంటికొస్తే పెళ్ళి చేయొచ్చునని కూడా అనిపించింది.

"పెట్టె సర్దుకోవే" అన్నాను.

"అవ్వ లేచి కూర్చోనీ అమ్మా. అప్పటిదాకా నన్నేమీ అడక్కు" అంది. ముసలామెకు ఏమైనా అయితే నర్సు పనే కాదు, ఇంకే పనికీ ఇది మళ్ళీ చెయ్యి ఎత్తలేదని ఆ మాటతో నాకు తెలిసిపోయింది. ఆ రాత్రినుంచి నేను ప్రార్థన చేసింది నా కూతురి కోసం కాదు. పేరు కూడా తెలియని ఆ అల్వాల్ అవ్వ కోసం.

దేవుడు విన్నాడు. అవ్వ తేరుకుంది, గంజి తాగింది, గంజిలో ఉప్పు లేదని తిట్టింది కూడా. పిల్లను తీసుకెళ్దామని నేను వెళ్ళినరోజు మేట్రన్‌గారు ఆమె మంచం దగ్గరే ఉన్నారు. "నిన్ను గొడ్ల దగ్గరికి పంపింది ఈ పిల్లే. ఇంటికి పంపేస్తున్నాం" అని చెప్పారు.

అవ్వ నా కూతుర్ని కిందినుంచి పైదాకా చూసింది. "పంపింది గీ పోరే, ఉర్కొచ్చి తోల్కపోయింది గీ పోరే. ఇంటికి తోలితే ఏమొస్తది? మల్లొక పోరి వస్తది, నన్ను మల్ల పసుల కాడికి తోల్తది. దీన్ని నాకియ్యుండ్రి. నేను మాటలు నేర్పిస్త."

మేట్రన్‌గారికి నవ్వు ఆగలేదు. నవ్వినాక కోపం నిలబడలేదు. పిల్ల ఉండిపోయింది.

అప్పటినుంచి సెలవు దొరికితే చాలు, అల్వాల్‌కు పోయేది. అవ్వతో మళ్ళల్లో కూర్చుని తోటకూర కట్టలు కట్టేది. కట్ట వదులైతే అవ్వ చేతిమీద కొట్టేది, మాట తప్పైతే నెత్తిమీద కొట్టేది. ఇంటికొచ్చి నామీద ప్రయోగాలు. "అమ్మా, నాకు మస్తు ఆకలైతున్నది. జెర జల్ది పెట్టు." "ఏమిటే ఆ మాటలు? మీ మేనమామ వింటే ఏమనుకుంటాడు?" అంటే, "పరేషాన్ గాకు. మామకు సుత నేర్పిస్త" అనేది. వాళ్ళ నాన్నగారు కంచం ముందు కూర్చుని నవ్వుకునేవారు.

పోలీసు యాక్షన్ రోజుల్లో మేం తలుపులు వేసుకుని ఇంట్లో ఉంటే, అది ఆసుపత్రిలోనే ఉండిపోయింది. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే ఒట్టు. సైన్యం వచ్చిందని తెలిసి జనం రోడ్లమీదికి వచ్చారు. ఆ హడావిడి అంతా అయ్యాక ఒకరోజు ఇంటికొచ్చి, చాపమీద పడి రెండు పూటలు నిద్రపోయింది. లేచాక చెప్పింది. పల్లెనుంచి తీసుకొచ్చిన ఒక అమ్మాయి వార్డులో ఎవరితోనూ మాట్లాడలేదట, మెతుకు ముట్టలేదట. మూగదేమోనని అందరూ అనుకున్నారట. ఇది కంచం పట్టుకెళ్ళి పక్కన కూర్చుని, "అక్కా, నేను సుత పొద్దుగాల్నుంచి తినలే. ఇద్దరం ఇంత బువ్వ తిందామా?" అందట. ఆ అమ్మాయి చాలాసేపు దీని ముఖంలోకి చూసి, "ఏ ఊరు మీది?" అని అడిగిందట. అదే ఆమె మొదటి మాట.

"నువ్వేం చెప్పావే?" అన్నాను.

"అల్వాల్ అని చెప్పా."

నాకు చురుక్కుమంది. "గుంటూరు అనడానికి నోరు రాలేదా? అబద్ధం చెప్పావు కదే."

"అబద్ధం కాదమ్మా. నన్ను నువ్వు గుంటూరులో కన్నావు. నోరొచ్చింది మాత్రం అల్వాల్‌లనే" అంది. "ఆమె తిన్నదమ్మా. కంచం ఊడ్చుకుని తిన్నది." ఆ మాట చెప్పేటప్పుడు దాని ముఖం మీరు చూడాల్సింది. పరీక్ష పాసైనప్పుడు కూడా అంత వెలుగు లేదు.

పరీక్షలన్నీ పాసైంది. కొన్నాళ్ళకు కొత్త పిల్లలకు పని నేర్పే బాధ్యత దానికే ఇచ్చారు. నేర్పడం కూడా దాని పద్ధతి దానిదే. క్వినైను మందు తాగించే ముందు ప్రతి పిల్లా ఒక చెంచా తను తాగి చూడాలి. ముఖాలు వంకరలు పెట్టుకుని "అక్కా, చేదు!" అని గంతులేస్తుంటే, "ఇంకెప్పుడూ ఎవరితోనూ 'ఏం కాదు, తాగు' అనకండి. 'చేదే, నాకు తెలుసు, అయినా తాగు' అనండి" అని చెప్పేది.

ఇంకో పని చేసేది. తెల్లచీర విప్పించి, ఇంటి చీర కట్టించి, ఒక పూటంతా రోగులతోపాటు వాకిట్లో కూర్చోబెట్టేది. మా గుంటూరు వైపునుంచే వచ్చిన ఒక పిల్ల, కాస్త గడుసుది, అలా కూర్చుని వచ్చి వెక్కివెక్కి ఏడ్చిందట. "జరుగు, జరుగు అంటూనే ఉన్నారక్కా. నా ముఖం కూడా చూడలేదు."

"ఎవరే అన్నది?"

"మా హాస్టల్లో నా పక్క మంచం పిల్లే అక్కా. నన్ను గుర్తుపట్టలేదు."

మా అమ్మాయి దాన్ని ఓదార్చలేదట. నీళ్ళిచ్చి, "ఇది నేను చెబితే నువ్వు నమ్మేదానివా?" అని మాత్రం అడిగిందట. ఆ గడుసు పిల్లే ఆ పొద్దున మా గుమ్మం ముందు నిలబడ్డ ఇద్దరిలో ఒకతె.

తప్పు చేసినవాళ్ళను అది కసిరినట్టు ఎవరూ చెప్పరు. "పరుగెత్తు" అనేదట. "తప్పు చేసినవాళ్ళే పరుగెత్తాలి. నీ బదులు ఇంకొకరు పరుగెత్తితే నీకేం తెలుస్తుంది?" నిలబడే తినేది. దువ్వెన ఎప్పుడూ వెతుక్కునేది. చీర గంజి పెట్టి ఆరేస్తూ కీర్తన పాడితే మూడో చరణం ఎప్పుడూ మరిచిపోయి, మొదటిదే మళ్ళీ పాడేది. పెళ్ళి చూడకుండా పోయిందని నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ళు అంటున్నారు. నాకూ ఆ కోరిక ఉండేది, లేదనను. కాని పెళ్ళి కాకపోతేనేం, దానికి తక్కువేమీ కాలేదు.

పాతిపెట్టే వేళకు అల్వాల్ అవ్వ వచ్చింది. నడుం పూర్తిగా వంగిపోయింది. ఎవరో ఎద్దుబండిలో తెచ్చారు. పెట్టె దగ్గర కూలబడి, "ఏందే పోరీ, నన్ను తోల్కొస్తివి, నువ్వెట్ల వోతివే? జెప్పకుండ పోవుడేందే?" అని తిట్టింది. పాస్టరుగారు ప్రార్థన ఆపి నిలబడ్డారు. తిట్టనిచ్చారు. తరవాత అవ్వ నా పక్కకు జరిగి, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. మట్టి వేసేదాకా అలాగే కూర్చున్నాం.

మొన్న దానికిచ్చిన ఆసుపత్రివాళ్ళ చీరలు ఉతికి, మడతపెట్టి, తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళాను. ఆ వాకిలి దాటగలనా అని భయపడుతూనే వెళ్ళాను. వాకిట్లో కొత్తపిల్ల ఒకతె ఉంది. మా వైపు పిల్లేనని యాస వినగానే తెలిసింది. వచ్చి పట్టుమని పది రోజులు కూడా అయి ఉండదు. దాని ముందు ఒక ముసలాయన కడుపు పట్టుకుని ఏదో చెబుతున్నాడు. పిల్లకు అర్థం కావడం లేదు. తల ఊపి పంపేయొచ్చు. వెనక ఎంత జనం!

ఆ పిల్ల ఆయన్ను మెల్లగా మెట్టుమీద కూర్చోబెట్టింది. తను కింద నేలమీద కూర్చుంది. "తాతా, నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పు" అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ తెలియలేదు. వెనకున్న ఆవిడ నవ్వుతూ ముందుకొచ్చి, తన కడుపుమీద చెయ్యి పెట్టి చూపించింది. పిల్ల ఆ మాటను నోట్లో తిప్పుకుంది. తప్పు పలికింది. తాత తల అడ్డంగా ఊపి, పళ్ళులేని నోరు పెద్దగా తెరిచి, నిదానంగా, చంటిదానికి నేర్పినట్టు ఇంకోసారి పలికాడు. వరసలో ఉన్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు. నేనూ చీరల మూట చంకలో పెట్టుకుని ఆ వరస చివర నిలబడ్డాను.