శవం వేషంలో మాట అందించిన మనిషి

శేషగిరి గారు ఇక లేరన్న వార్త మంగళవారం పొద్దున ఆఫీసు పార్కింగ్‌లో విన్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా వసంతా," అన్నారు ఆయన భార్య అన్నపూర్ణ ఆంటీ ఫోన్‌లో. అంతటి దుఃఖంలోనూ సిగ్గులేని ఆలోచన ఒకటి మెదిలింది. శనివారం ఉగాది స్కిట్‌లో హంతకుడెవరు? ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

అమెరికాలోని మా నోవై ఊరి తెలుగువారికి ఆయన్ని పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతాను. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరుగా రిటైరైన ఈ సౌమ్యమూర్తి యౌవనంలో కొంతకాలం ఇంగ్లండ్‌లో పనిచేశారు. అక్కడి టీవీలో పల్లెటూరి హత్యల సీరియళ్ళు, వాటిని వెక్కిరించే కామెడీ స్కెచ్‌లు చూసేవారు. సీరియల్ కన్నా వెక్కిరింతే ఆయనకు ప్రాణం. "ఆ ఊళ్ళో వారం వారం హత్యే అమ్మాయ్. అయినా ఒక్కడూ ఇల్లు అమ్ముకుని పోడు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి టీ మాత్రం వేడిగా ఉంటుంది," అని, మనకంటే ముందు తానే నవ్వేవారు.

ఆ హాస్యాన్ని ఆయన మా సబ్‌డివిజన్‌కి, అంటే మేముండే ఇళ్ళ కాలనీకి, దింపారు. ఏటా ఉగాదికి ఒక స్కిట్. ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో కాలనీ ప్రెసిడెంట్ పులిహోర ట్రే పక్కన చచ్చిపడి ఉంటాడు. స్వెట్టర్ అల్లుకునే డిటెక్టివ్ ఆంటీని నేను. అందరినీ సోఫాల్లో కూర్చోబెట్టి, పులిహోరలో ఇంగువ తగ్గిందన్న ఏకైక ఆధారంతో హంతకుడిని పట్టేస్తాను. అనుమానితులు మధ్యమధ్య లేచి, శవాన్ని దాటుకుంటూ వెళ్ళి మళ్ళీ వడ్డించుకుంటారు.

శవం వేషం ఎప్పుడూ ఆయనదే. మేమంతా డైలాగులు మర్చిపోయే బాపతు. "పక్కన నిలబడి అందిస్తే జనం చూస్తారు. శవాన్ని ఎవడు చూస్తాడు?" అనేవారు. కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా, నేలమీంచి ఎవరి మాట వాళ్ళకు అందించేవారు. ఆ గొంతు ఉందన్న ధైర్యంతోనే స్టేజి ఎక్కేదాన్ని.

ఆయన పద్ధతి మరొకటి నా ప్రాణం తీసేది. హంతకుడెవరో ముందుగా చెప్పేవారు కాదు. తెర లేచే ముందు గ్రీన్‌రూమ్‌లో ఒకరి చెవిలో ఊది, తర్వాత నాకు చెప్పేవారు. ఒక ఏడాది పక్కింటి కాలేజీ పిల్ల నేహా, తెలుగులో మాట్లాడాలన్న భయంతో చల్లబడిపోయింది. ఆయన దాని చెవిలోనే ఊదారు. నేను వేలు చూపగానే అది లేచి, "యెస్ ఆంటీ, నేనే చంపాను. సారీ అంకుల్!" అంది శవంతో. "పర్లేదమ్మా," అంది శవం. హాలంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల మళ్ళీ భయపడగా నేను చూడలేదు.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆయన పార్థివదేహం దగ్గర నిలబడినప్పుడు నాకు నోట మాట రాలేదు. అలవాటు కొద్దీ ఆయన అందిస్తారని ఎదురుచూశాను. చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, ఆంటీ వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు.

"స్కిట్ ఆపెయ్యకండి. ఆపేస్తే ఆయన లేచి కూర్చుంటారు," అన్నారు.

"హంతకుడెవరో మీకేమైనా చెప్పారా ఆంటీ?"

"ఆయనకు మాత్రం ఏం తెలుసమ్మా? గ్రీన్‌రూమ్‌లో ఎవరు ఎక్కువ వణుకుతున్నారో చూసి, వాళ్ళ చేత చంపించేవారు. తప్పు ఒప్పేసుకున్న మనిషికి ఇంక భయమేముంటుంది పూర్ణా, అనేవారు."

ఇది శుక్రవారం రాస్తున్నాను. వాట్సాప్ గ్రూప్‌లో అందరిదీ అదే ప్రశ్న. "ఆంటీ, రేపు ఎవరు?" అని నేహా ఇప్పుడే ఫోన్ చేసింది. శవం వేషం వేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ట్రే పక్కన ఆయన చోటు ఖాళీగానే ఉంచి, దాన్ని దాటుకుంటూ వడ్డించుకుందామని అనుకున్నాం. మాట అందించేవారు లేరు. మా అందరిలోకీ ఎక్కువగా వణుకుతున్నది ఎవరో నాకు తెలుసు. స్వెట్టర్ సూదులు చేతిలో నిలవడం లేదు.

శేషగిరి గారూ, మీలాంటి సహృదయుడు మాకు మళ్ళీ దొరకడు. రేపు అందరినీ సోఫాల్లో కూర్చోబెట్టి, వేలు నావైపే తిప్పుకుంటాను. నేనే చంపానని ఒప్పుకుంటాను. మీ చోటు వైపు వంగి, "సారీ సార్," అంటాను. తర్వాతి డైలాగు మీది. అది వచ్చేదాకా అక్కడే ఆగుతాను.