దసరా నాడు సేటు నడిపిన లారీ

కాలిన బ్రేకు లైనర్ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మళ్లీ మరిచిపోయేది కాదు. వెంట్రుకలు కాలినట్టూ ఉంటుంది, మాడిన రబ్బరులాగానూ ఉంటుంది, తీరా చూస్తే రెండూ కాదు. మొన్న షాద్‌నగర్ దగ్గర టోల్‌గేటు వరుసలో నా ముందు నిలబడ్డ టిప్పర్ నుంచి ఆ వాసన గుప్పున వచ్చింది. చుట్టూ కార్లవాళ్లు అద్దాలు పైకెత్తుకున్నారు. నేను బండి దిగి, టిప్పర్ పక్కన నడుస్తూ ఒక్కో చక్రం దగ్గర వంగి చెయ్యి చాపుతున్నాను. దాని డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం జేస్తున్నవే పెద్దమనిషీ?" అన్నాడు.

"కుడి ఎనక చక్రానికి బ్రేకే పడుతలేదు. ఎడమది ఒక్కటే మోస్తున్నది, అందుకే కాలుతున్నది. బండి పక్కకు పెట్టు," అన్నాను. అతని మొహం చూసి, "జరమసొంటిదే, గని గోలీతోని తగ్గేది కాదు," అని కూడా అన్నాను.

ఆ చెయ్యి చాపడం నాకు నేర్పినవాడు జంగయ్య. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. ఫోటో చూపిద్దామంటే నా దగ్గర ఉన్న ఒక్క ఫోటోలో ఆయన లారీ కింద ఉన్నాడు, కాళ్లే కనిపిస్తాయి. కాబట్టి చెప్పడమే. నేను ఏడో తరగతిలో బడి వదిలేసినవాణ్ణి. బడే నన్ను వదిలించుకుందని మా సార్లు అంటారు. ఎటు నుంచి చూసినా ఇద్దరికీ ఊరటే. ఆ తర్వాత నాకు పాఠం చెప్పిన మనిషంటూ ఉంటే ఈయనే. ఆయన పోయి రెండేళ్లవుతోంది.

కొత్త రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు నేను నల్లగొండలో ఒక సేటు దగ్గర డ్రైవర్‌గా చేరాను. దేవరకొండ రోడ్డు మీద ఆయనకు ప్రహరీ గోడ కట్టిన పెద్ద జాగా, అందులో అయిదు లారీలు. ఊళ్లలో కొనుగోలు కేంద్రాల నుంచి వడ్లు ఎత్తి మిర్యాలగూడ మిల్లులకు చేర్చడం మా పని. డ్రైవర్లందరిలో పెద్దవాడు జంగయ్య. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆ నీళ్లు ఎముకల్లోకి దిగి ఆయన మెడను బిగించేశాయి. పక్కకు చూడాలంటే తల తిరగదు, నడుము దగ్గర నుంచి మొత్తం మనిషి తిరగాలి. "అన్నా, నీకు మలుపుకు జాగా ఎక్కువ కావాలె," అని ఏడిపించేవాణ్ణి. "అందుకే నాకు పెద్ద బండి ఇచ్చిండ్రు," అనేవాడు. మెడ తిరగదు కనుక అద్దంలో చూసి సరిపెట్టుకునేవాడు కాదు. ప్రతిదానికీ దిగి, దగ్గరికి పోయి చూసేవాడు. మెడ బాగున్న మేమంతా చూడనివి ఆయన ఎన్ని చూశాడో.

నా మొదటి రోజు పక్కన కూర్చుని నాతో బండి నడిపించాడు. గుట్ట దిగి చాయ్ హోటల్ దగ్గర ఆపాక, "దిగు. ఆరు చక్రాల కాడ చెయ్యి పెట్టి, ఏది ఖరాబున్నదో చెప్పు," అన్నాడు. నేను అరచెయ్యి చాపాను. "గట్ల కాదురా సైదులూ, చెయ్యి ఎనకకు తిప్పు. తగలనియ్యకు, దగ్గరికి తీస్కపో. ఒకవేళ కాలితే ఎనక తోలు కాలుతది. ముందటిది స్టీరింగుకు కావాలె."

ఒక చుట్టు తిరిగొచ్చి, "ముందటి కుడిది మస్తు కాలుతున్నదన్నా. గదే ఖరాబు," అన్నాను.

"ఎడమ ఎనకది ఎట్లున్నది?"

"సల్లగ, మంచిగున్నది."

"గుట్ట దిగినంక సల్లగెట్లుంటదిరా? పనిజేసినోనికి చెమట రాదా? గా చక్రానికి బ్రేకే పడుతలేదు. దాని పని గూడ మిగిలిన అయిదు జేసినయి. గందుకే ముందటిది కాలుతున్నది."

"గట్లయితే అన్నా, మా ఇంట్ల గా సల్ల చక్రం నేనే."

జంగయ్య నడుము దగ్గర నుంచి నా వైపు తిరిగాడు. "నీ పెండ్లామన్నదా, నువ్వే తెల్సుకున్నవా?" అని అడిగాడు. ఆయన అడిగినది ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. నవ్వు ముఖంతో అడిగేవాడు కానీ జవాబు కోసం ఆగేవాడు. జవాబు కోసం ఆగే మనుషులు నాకు అంతకుముందు తగల్లేదు.

మా సేటు చెడ్డవాడేమీ కాదు. మా ఆవిడకు కాన్పు కష్టమైతే తన కారు పంపి దవాఖానకు చేర్పించాడు. పండుగకు అందరికీ బట్టలు పెట్టేవాడు. ఒకప్పుడు తానూ డ్రైవరే. కానీ రిపేరు మాటెత్తితే మాత్రం, "సీజన్ అయిపోనీ," అనేవాడు. వానాకాలం వడ్లు ఒక సీజన్, యాసంగి వడ్లు ఇంకో సీజన్, మధ్యలో ఎరువుల బస్తాలు, మక్కలు, పత్తి. అక్కడ పనిచేసినన్నాళ్లూ సీజన్ అయిపోయిన రోజును నేను చూడలేదు. మేము మా తిప్పలు పడేవాళ్లం. గేర్లతోనే వేగం తగ్గించుకోవడం, ముందు బండికి చాలా దూరంగా పోవడం, ఆపాక చక్రం కింద రాయి పెట్టడం. నాకిచ్చిన బండైతే మరీ అన్యాయం. "ఊరు రాకముందే బ్రేకు తొక్కితే ఊరు దాటినంక ఆగుతది," అని నేనంటే చాయ్ దగ్గర అందరూ పడి పడి నవ్వేవాళ్లు. సేటు కూడా నవ్వేవాడు. రిపేరు మాట ఆ నవ్వులోనే కొట్టుకుపోయేది. అది నేను అప్పుడు గమనించలేదు.

ఒక పొద్దున చింతపల్లి దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. బండి వినలేదు. పక్కనున్న పత్తి చేనులోకి తిప్పి ఆపాను. గొర్రెలకేమీ కాలేదు, గొర్లకాపరి మాత్రం మా మూడు తరాల ఆడవాళ్లనూ పేరుపేరునా తలచుకున్నాడు. వెనక బండిలో వస్తున్న జంగయ్య దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "బ్రేకు మీద కాలు ఎక్కడ పెట్టినవ్?" అని అడిగాడు. చూపించాను. అక్కడి నుంచి పత్తి చేను దాకా, బిగుసుకున్న నడుముతో, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ నడిచాడు. సాయంత్రం సేటుకు ఆ లెక్క చెప్పాడు. "ఖాళీ బండి సేటూ. నిండు లోడుంటే ఎంత దూరం పోవునో సూస్కో."

"గొర్రెలు బతికినయి గదా జంగయ్యా. సీజన్ అయిపోనీ, బండిని పెండ్లిపిల్ల లెక్క తయారు జేయిద్దాం."

దసరా దగ్గరికొచ్చింది. అది పోతే వడ్ల సీజన్. ఆ రోజుల్లో మా పల్లెల రోడ్లు మీరు చూస్తే తెలుస్తుంది, సగం వెడల్పు వడ్లే. వాటిని ఊడుస్తూ ఆడవాళ్లు, పక్కనే పరదాల నీడలో కావలి కూర్చున్న ముసలివాళ్లు. వాళ్ల మధ్య నుంచి నిండు లోడుతో, ఆ బండితో, రోజూ పోవాల్సింది నేను.

"గా బండి నువ్వు తియ్యకు," అన్నాడు జంగయ్య.

"నేను తియ్యకపోతే ఇంకొకడు తీస్తడన్నా."

"గదే ఆలోచిస్తున్న."

దసరా పొద్దున బండ్లన్నీ కడిగి, బంతిపూల దండలు వేశాం. ప్రతి ఏడూ ముందు వరుసలో జంగయ్య బండి ఉండేది. ఆ ఏడు ఆయన నా బండిని తెచ్చి ముందు పెట్టాడు. పంతులు పూజ చేశాడు, గుమ్మడికాయ కొట్టారు, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కించడం ఎప్పుడూ జంగయ్య పనే. ఆయన తాళంచెవి తీసి సేటు చేతిలో పెట్టాడు.

"ఈసారి నీ చేతుల మీద కానియ్యి సేటూ. బండి నీది, బరకత్ నీది."

సేటు మురిసిపోయాడు. ఇస్త్రీ తెల్ల చొక్కా చేతులు మడిచి, కుర్రాడిలా ఎగిరి క్యాబిన్ ఎక్కాడు. జంగయ్య మాత్రం ముందున్న ఆడవాళ్లనూ పిల్లలనూ, "పక్కకు జరుగుండ్రమ్మా, ఫోటో మంచిగ రాదు," అంటూ దూరం జరిపాడు. తర్వాత కిటికీ దగ్గరికి వచ్చి, "తొందర లేదు సేటూ. బ్రేకులకు గాలి పూర్తిగ నిండనియ్యి," అన్నాడు. సేటు గాలి మీటరు ముల్లు పైకొచ్చేదాకా ఆగాడు. అప్పుడు కదిలించాడు. నిమ్మకాయలు చిట్లాయి. చప్పట్లు కొట్టాం. సేటు బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. వేగమూ లేదు, నిమ్మళంగా, పేరంటానికి పోతున్నట్టు పోయింది. పులిహోర గంగాళం పెట్టిన బల్లను పడేసింది. కొత్తగా రంగు వేసిన ప్రహరీ గోడలో మూతి పెట్టి అప్పుడు ఆగింది. రెండు వరుసల ఇటుకలు క్యాబిన్ ముందు పడ్డాయి.

సేటు దిగాడు. "గీ బ్రేకు గిట్లున్నదని నాకెవ్వడన్న చెప్పిండా?" అని అరిచాడు. మా అందరినీ చూసి నా దగ్గర ఆగాడు. "సైదులూ, నడిపేటోనివి నువ్వు. నువ్వు చెప్పు."

చెప్పడానికి ఒక్క మాట చాలు. జంగయ్య ఎన్నిసార్లు చెప్పాడో నాకు తెలుసు, సగంసార్లు నేను పక్కనే ఉన్నాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "పండుగ గద సేటూ, బండి గూడ అత్తగారింటికి పోదామనుకున్నది."

అందరూ గొల్లుమన్నారు. సేటు కూడా నవ్వాడు, ఊపిరి పీల్చుకున్నాడు. జంగయ్య నవ్వలేదు. నవ్వులు ఆగాక సేటు ఆయన వైపు తిరిగి, "నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యనీకె ఎక్కిచ్చినవ్. రేపటి సంది రాకు," అన్నాడు.

"మంచిది సేటూ. బండిని షెడ్డుకు పంపుతవా?"

"పంపక సస్తనా!"

జంగయ్య తువ్వాల భుజాన వేసుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని పోయాడు. అప్పుడైనా ఎవరమూ నోరు విప్పలేదు. నేను పులిహోర ఎత్తుతూ కూర్చున్నాను.

బండికి కొత్త లైనర్లు పడ్డాయి. వడ్ల సీజన్ మొదలైన వారానికి, ఒక మలుపులో, రోడ్డు మీద వంగి వడ్లు ఊడుస్తున్న ఒక అవ్వ లోడు బండికి ఎదురుపడింది. ఆమెకు చెవులు వినబడవనుకుంటాను. ఆమె చీపురు దాకా పోకుండానే బండి ఆగింది. ఆమె తలెత్తి నన్ను చూసి, మళ్లీ ఊడ్చుకుంది. నేను మాత్రం చాలాసేపు స్టీరింగ్ వదల్లేకపోయాను.

మర్నాడే మర్రిగూడ పోయాను. జంగయ్య వాకిట్లో కూర్చుని పత్తి గుల్లలు ఒలుస్తున్నాడు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే, "బ్రేకెట్లున్నది? ఆరు వేడెక్కుతున్నయా?" అన్నాడు. ఒక్కో చక్రం సంగతీ అడిగి తెలుసుకున్నాకే నన్ను కూర్చోమన్నాడు.

"అన్నా, నిజం చెప్పు. ఆగదని తెల్సే సేటును ఎక్కిచ్చినవా?"

"ఆగదని తెల్సు. ఎంత దూరం పోతదో తెల్వది. సూద్దామనుకున్న," అన్నాడు. ఆ కళ్లలో అప్పుడు కూడా అదే కుతూహలం. గోడ ఎన్ని వరుసలు పడిందని అడిగాడు. రెండని చెప్పాను. తల ఊపలేడు కనుక కళ్లు మూసి తెరిచాడు.

"నువ్వు చెప్పినవని నేను చెప్పాల్సుండెనే," అన్నాను.

ఆయన ఒక గుల్ల ఒలిచి పత్తి పక్కన వేశాడు. "నీ మాటకు నేను గూడ నవ్వెటోన్నే సైదులూ, మంచిగుండె. గని సేటుకు చెమట పట్టినప్పుడు నువ్వు గాలి ఇసిరినవ్. అందరు నవ్వినంక ఇగ వాన్ని అడిగేదేముంటది?"

కోపంగా అనలేదు. పాడైన చక్రం ఏదో చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత అన్నం పెట్టి పంపాడు. మళ్లీ లారీ నడపలేదాయన. తన రెండెకరాల పత్తి చూసుకున్నాడు. ఎప్పుడు పోయినా ముందు బండ్ల సంగతే అడిగేవాడు.

ఆ యాసంగిలో ఇంకో బండికి స్టీరింగ్ వదులైంది. పొద్దున అందరూ చాయ్ తాగుతుంటే నేను సేటు ముందు నిలబడ్డాను. "స్టీరింగ్ ఆడుతున్నది సేటూ. ఇయ్యాల నేను బండి తియ్య. ఎవ్వర్ని తియ్యనియ్య." సేటు నవ్వడానికి నోరు సగం తెరిచి ఉంచాడు, వెనకే ఏదో జోకు వస్తుందని. నా నాలుక మీదికి నిజంగానే ఒకటి వచ్చింది, మంచిదే, ఇప్పటికీ గుర్తుంది. మింగేశాను. గ్లాసులు పట్టుకున్న డ్రైవర్లు కూడా నా మొహమే చూస్తున్నారు. సేటు నోరు మెల్లగా మూసుకుంది. జేబులోంచి ఫోన్ తీసి మిస్త్రీకి కలిపాడు.

ఇప్పుడు షాద్‌నగర్‌లో వేరే కంపెనీ, వేరే మేనేజర్. బండి గురించి చెప్పడానికి నేను గదిలో అడుగు పెడితే చాలు, నోరు తెరవకముందే, ఏదో జోకు వేస్తానని, ఆయన నవ్వడం మొదలుపెడతాడు. ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా నిలబడతాను. తర్వాత చెబుతాను.