హెస్తర్ పన్నెండో రాయి

ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో గొర్రెలను ఇరవైల్లో లెక్కిస్తారు. ఇరవై అయితే ఒక స్కోరు. స్కోరు నిండగానే ఎడమ జేబులోంచి ఒక గులకరాయి కుడి జేబులోకి మారుతుంది. హెస్తర్ బ్రెయిత్‌వెయిట్ నలభై ఒక్క ఏళ్లుగా ఊరుమ్మడి మందను ఇలాగే లెక్కిస్తోంది. ఒక్కసారీ లెక్క తప్పలేదు. ఈ మాట తనంతట తాను చెప్పుకోదు గానీ, ఎవరైనా చెబుతుంటే అడ్డుపడదు.

మాటల దగ్గర మహా మొండి మనిషి. ఆమె లెక్కలో కపుల్ అంటే రెండే. ఫ్యూ అంటే లెక్కపెట్టడానికి బద్ధకించినవాడి మాట. సెవెరల్ అంటే ఆ బద్ధకస్తుడే టై కట్టుకొచ్చి చెప్పే మాట.

ఆమెకు డెబ్భై ఆరు నిండిన అక్టోబరులో, మంద కొండ దిగే రోజున, చెల్లెలి కొడుకు గిల్బర్ట్ వచ్చాడు. ఆ ఏడు మంద బాధ్యత అతనిదే.

"పెద్దమ్మా, గేటు దగ్గర ఇంకొకర్ని నిలబెడదాం. నీకు చూపు ఆనడం లేదంటున్నారు."

"ఎంతమంది రా?"

"కొంతమంది..."

"కొంతమంది అంటే ఎందరు? పేర్లు చెప్పు. లేదంటే పక్కకు జరుగు."

గిల్బర్ట్ నవ్వేశాడు. "సరే, ఈసారికి నువ్వే. లెక్క తప్పిందో, వచ్చే ఏడు ఇంట్లో కూర్చోవాలి మరి."

లెక్కిస్తున్న మనిషిని పలకరించకూడదని అక్కడి కట్టుబాటు. చర్చి ఫాదరైనా తల వంచుకుని వెళ్లిపోవాల్సిందే. ఇరుకు గేటులో హెస్తర్ మోకాలు ముందుకు పెట్టి నిలబడింది. గొర్రెలు ఒక్కొక్కటే దాన్ని రాసుకుంటూ పోయాయి. పదకొండు రాళ్లు జేబు మారాయి.

"పదకొండు స్కోర్ల పదిహేడు. మూడు తక్కువ."

"పైన ఏవో కొన్ని ఉండిపోవడం మామూలే కదా! లేదంటే నువ్వే వదిలేసుంటావు."

"కొండెక్కించింది పన్నెండు స్కోర్లు. రాత్రికి మంచు పడుతుంది, ఆ మూడూ చస్తాయి. నా లెక్క తప్పయితే ఈ చేతికర్ర నీకే ఇచ్చేస్తాను. పో!"

గొణుక్కుంటూ కుక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు. హెస్తర్ గేటు వదల్లేదు. ఎవరో తెచ్చిచ్చిన టీ చల్లారిపోయింది. లోపల మాత్రం భయంగానే ఉంది. గొర్రెకూ బండరాయికీ తేడా కనిపించక రెండేళ్లయింది. లెక్కంతా మోకాలిదే. ఒకదాన్నొకటి ఒరుసుకుని మూడు దాటిపోయి ఉంటే?

పొద్దు వాలుతుండగా కుక్క మొరిగింది. నడుముదాకా బురదతో గిల్బర్ట్, ముందు మూడు గొర్రెలు. చరియ అంచున చిక్కుకుపోయి దొరికాయవి. ఆ మాట చెప్పబోయి ఆగిపోయాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుని, మోకాలు ముందుకు పెట్టి నిలబడి ఉంది. అప్పుడు అర్థమైంది అతనికి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు.

పన్నెండో రాయి కుడి జేబులో పడింది. ఆ క్షణాన హెస్తర్‌కు తన మోకాలి మీద ఎక్కడలేని గర్వం కలిగింది.

"ఊఁ, ఇక మాట్లాడు," అంది.

గిల్బర్ట్ టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు. "వచ్చే ఏడు గేటు దగ్గరికి ఎన్నింటికి వస్తావు, పెద్దమ్మా?"