భువనగిరి కోట మీద డప్పు

నిజాం పాలన ఆఖరి రోజులు. డప్పు లేనిదే గడప దాటని ఎల్లయ్యతో కలిసి మిత్రులం ముగ్గురం భువనగిరి కోట ఎక్కాం.

"రాజుల కాలంల ఈడ నగారా మోగేదంట. గియ్యాల మన డప్పు మోగాలె!" అన్నాడు ఎల్లయ్య. ఎండుగడ్డి మంట మీద డప్పు కాచి, గుట్ట మారుమోగేలా వాయించాడు.

ఆ పొగా, ఆ మోతా తిరుగుబాటు దళాలకు సైగ అనుకున్నారు కింద కాపలా ఉన్న నిజాం జవాన్లు. పైకొచ్చి తుపాకీ మడమలతో మమ్మల్ని నెత్తురు కారేలా బాదారు.

"ఎవరి కోసం కొట్టినవ్‌రా?"

"సంబురానికి కొట్టిన దొరా!"

ఎల్లయ్య కుడిచేతిని బండ మీద పెట్టి చితగ్గొట్టారు. వాడు మళ్లీ డప్పు పట్టలేదు.

మొన్న మనవడితో కోట ఎక్కాను. కోట చూపించే మనిషి రాజుల యుద్ధాలన్నీ చెప్పి, "జరసేపు గీ బండ మీద కూసో తాతా" అన్నాడు.

నేను కూర్చోలేదు.