పొయ్యి రాజుకునేదాకా

కిందటేడు మా మనవరాలు సెల్‌ఫోను పక్కన పడేసి ముఖం ముడుచుకుని కూర్చుంటే ఏమైందోనని కంగారుపడ్డాను. రోజూ బైబిలు చదవమని గంట కొట్టి గుర్తుచేసే ఏర్పాటేదో ఆ ఫోనులో ఉందట. పరీక్షల హడావిడిలో చదవడం తప్పేసరికి అది మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెట్టిందట. ఇంక నావల్ల కాదు నానమ్మా అని ఆ పిల్ల దిగులు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే ఎప్పటిదో బొగ్గు పొగ వాసన కూడా వచ్చింది. గోదావరి దగ్గరి గనుల కాలనీల్లో కాపురం చేసిన నా ఈడువాళ్ళకు ఆ వాసన గురించి నేను చెప్పనక్కరలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మంచిర్యాలకు అవతల, బొగ్గు గని క్వార్టర్లకు నేను కోడలినై వచ్చాను. కరీంనగర్ వైపు ఒక మిషను బడిలో, అక్కడి బోర్డింగులోనే ఉండి చదువుకున్నదాన్ని. అక్కడ గంట కొడితే మోకాళ్ళూనేవాళ్ళం, గంట కొడితే లేచేవాళ్ళం. నాకు ప్రార్థన అలవాటైందని గొప్పగా అనుకున్నానుగాని, అలవాటైంది గంట మాత్రమేనని కాపురానికి వచ్చాక తెలిసింది.

మా అత్తమ్మకు అక్షరం రాదు. చిన్నతనంలోనే భర్త పోతే, గని పైన బొగ్గులో రాళ్ళు ఏరే పని చేసి ఒక్క కొడుకును పెంచుకున్నది. బాప్తిస్మం తీసుకున్నది కూడా ఆ కష్టాల్లోనే. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు ఆమె నా రంగు చూడలేదు, వంట సంగతి అడగలేదు, పుస్తకం తడుముకోకుండా చదువుతుందా అని ఒక్కటే అడిగింది. మా ఇంట్ల పుస్తకమైతే ఉన్నది, సదివేటోళ్ళే లేరని మా అవ్వతో చెప్పుకున్నదట. తన ఇంట్లో, తన చెవులతో, ఆ పుస్తకం మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా వినాలని ఆమె కోరిక, అంతకుమించి ఆమె ఈ కోడలి దగ్గర ఏమీ ఆశించలేదు.

అంత చిన్న కోరిక తీర్చడం ఎంత కష్టమో చూడండి. కుటుంబ ప్రార్థన సాయంత్రం పూట, ఇంటి యజమానిని కూర్చోబెట్టుకుని చేసుకోవాలని చర్చి గుడిలో పాస్టరు అయ్యగారు చెప్పేవారు, మేము దాన్ని అక్షరాలా పట్టుకున్నాం. మా ఆయనకేమో వారం వారం డ్యూటీ మారేది. పొద్దుటి డ్యూటీ ఉన్న వారం అంతా సవ్యంగా సాగేది, మధ్యాహ్నం దిగే పగటి డ్యూటీ వచ్చిందంటే సాయంత్రం మనిషి భూమి కింద ఉండేవాడు, రాత్రి డ్యూటీ అయితే చీకటి పడేదాకా నిద్రపోతుంటే మేము గిన్నె చప్పుడు కూడా కానిచ్చేవాళ్ళం కాదు. మళ్ళీ పొద్దుటి డ్యూటీ వచ్చేసరికి ఎక్కడ ఆపామో గుర్తుండక సృష్టి దగ్గర నుంచే మొదలుపెట్టేవాళ్ళం. మొదటి అధ్యాయం నాకు కంఠతా వచ్చిందిగాని, జలప్రళయం వచ్చి ఓడ నీళ్ళమీద తేలేదాకా మేము ఒక్కసారీ చేరలేదు. అత్తమ్మ పల్లెత్తు మాట అనేది కాదు, పరిచిన చాపను మళ్ళీ చుట్టి మూలకు నిలబెట్టేది, ఆ చాప చుట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

కాలనీలో అందరివీ బొగ్గుల పొయ్యిలే. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, అడుగున పిడకలూ పుల్లలూ వేసి, పైన బొగ్గు పేర్చి, వాకిట్లో పెట్టి ముట్టించాలి. నల్లటి పొగంతా పోయి బొగ్గు ఎర్రగా రాజుకునేదాకా దాన్ని ఇంట్లోకి తెచ్చే వీలుండదు, ఈలోగా చేయగలిగిన పనీ ఉండదు. ఒకనాడు పొద్దున్నే పొయ్యి ముట్టించి నిలబడితే, అత్తమ్మ పీట తెచ్చి వేసి, పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

"డ్యూటీలు మారుతయి గని పొయ్యి మారదు బిడ్డా. గిది రాజుకునేదాంక సదువు."

ఆయన లేకుండా ఎట్లా అని నేను నసిగాను.

"వానికి బువ్వ వండనీకి వాన్ని అడిగే పొయ్యి ముట్టిస్తున్నమా?"

నేను పీట మీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఆనాటి నుంచి పొయ్యి పొగ వదిలేదాకా చదవడం, నిప్పు కనబడగానే భూమి కింద ఉన్నవాళ్ళందరినీ తలచుకుని నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని లేవడం. వానొస్తే చూరు కిందికి జరిగేవాళ్ళం. వంశావళులు వచ్చినచోట నేను మెల్లగా ఆకు తిప్పబోతే, వాళ్ళూ ఎవలో ఒకలు కన్నోళ్ళే గదా, సదువు అనేది. ఏటేటా వేములవాడ రాజన్నకు మొక్కు తీర్చుకునే పక్కింటామె కూడా తన పొయ్యి ముట్టించి వచ్చి వినేది, అన్నలు అమ్మేసిన ఆ పిల్లగాడు ఏమైండని మర్నాడు గుర్తుపెట్టుకుని అడిగేది. అత్తను విడిచిపోనన్న కోడలి కథ వచ్చిన పొద్దు అత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. పొగ బిడ్డా, పొగ అన్నది. నేనూ పొగేనన్నాను.

ఇంతలో నా తొలి కాన్పు వచ్చింది. పుట్టింటికి పోయే సంతోషం ఒకవైపు, ఇంత పాటుపడి నిలబెట్టుకున్నది నేను గడప దాటగానే కూలిపోతుందన్న బెంగ ఒకవైపు. మా ఆయన నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడు, తెలుగు కూడబలుక్కోవాల్సిందే. పాత చీర అంచు ఒకటి చింపి, ఆపినచోట గుర్తుగా పెట్టి వెళ్ళాను.

బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చిన పొద్దున వీధంతా పొగ కమ్ముకుని ఉంది. ఆ పొగలోంచి మా వాకిలి కనిపించింది. రాత్రి డ్యూటీ దిగి ముఖాన బొగ్గు మసి కడుక్కోకుండానే మా ఆయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, వరుస కింద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూర్చుకుంటూ చదువుతున్నాడు. అత్తమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని వింటున్నది. నేను పోయిన కొత్తలో ఆమె ఒక్కతే పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని, నేను చదివినవాటిలో గుర్తున్నవి తనకు తానే చెప్పుకునేదట. డ్యూటీ నుంచి వస్తూ అది చూసి ఆయన మనసు ఆగలేదు. నన్ను చూసి సిగ్గుపడి, ఎక్కువ దూరం పోలే, జర నవ్వకు అన్నాడు.

"కొంచమే అయింది గని, ఒక్క పొద్దు గూడ తప్పలే," అన్నది అత్తమ్మ, పసిదాన్ని అందుకుంటూ. నాకు ఏడుపు ఆగలేదు.

కొన్నేళ్ళకు చివరి ఆకు కూడా అయింది. పుస్తకం మూసి, ఆమె ఏమంటుందోనని చూశాను. పొయ్యిలోకి తొంగిచూసి, ఇంకా రాజుకోలే, మళ్ళ మొదటి నుంచి సదువు అన్నది.

ఇప్పుడు ఆ పొయ్యిలు లేవు, ఆమె లేదు, ఆయనా లేడు. గ్యాసు మీద ఒక కీర్తన పూర్తయ్యేలోపే చాయ పొంగిపోతుంది. ఎదురుచూడక తప్పని ఆ కాస్త సమయమే మాకు ప్రార్థన నేర్పిందని, దాన్ని ఎవరు ఎప్పుడు ఎత్తుకుపోయారో తెలియకుండానే పోయిందని నాకప్పుడప్పుడు దిగులేస్తుంది. మనవరాలికి ఇదంతా చెప్పి, గంటను నమ్ముకోకు, మానలేని పని ఏదుందో దాని పక్కన పీట వేసుకో అన్నాను. మర్నాడు అది పాలు సన్నసెగ మీద పెట్టి, వంటింటి గడప మీద నా పక్కన కూర్చుని చదివింది, ఆనాటి నుంచి రోజూ చదువుతూనే ఉంది. నా చూపు మందగించింది కనుక ఇప్పుడు వినే వంతు నాది. నిన్న అత్తాకోడళ్ళ కథ వచ్చింది. ఏడుస్తున్నావా నానమ్మా అని అడిగింది. పొగ అందామంటే ఇంట్లో పొగ లేదు.